తరుగు తీయని తూకం

6 నవంబరు 1962, జమ్మికుంట

దవాఖాన నుంచి ఇంటికి వచ్చి రెండు రోజులైంది. ఈ పుస్తకం డాక్టరమ్మ ఇచ్చింది. ఏం తిన్నావో రోజూ రాయమన్నది. రాస్తున్నాను.

పొద్దున జావ అర గిన్నె. కాసేపటికి గుడ్డు సగం. తర్వాత పాలు. పొద్దెక్కినాక పెసరుపప్పుతో మెత్తటి అన్నం నాలుగు ముద్దలు. మూడు గంటలకు అరటిపండు. రాత్రి మళ్లీ అన్నం, చారు. మొత్తం ఆరు.

కడుపులో పుండు ఉన్న భాగం కోసి తీసేశారు. ఇప్పుడు నీ కడుపు ఇంతే అని డాక్టరమ్మ పిడికిలి చూపించింది. ఆమె పిడికిలి చిన్నది. అందుకే ఆరుసార్లు, కొంచెం కొంచెం. నీళ్లు కూడా ఒకేసారి తాగొద్దట, గుటక గుటక తాగాలట.

వచ్చేటప్పుడు నలభై నాలుగు కిలోలు ఉన్నాను. కార్డు మీద రాశారు. నలభై రెండుకు దిగితే ఆగకుండా రమ్మన్నది. ఎందుకని నేను అడగలేదు. పక్క మంచం ఆయనను కూడా అలాగే రమ్మన్నారు. వచ్చాడు. మళ్లీ కోశారు. ఆ మంచం రెండు రోజులు ఖాళీగా ఉంది. తర్వాత వేరే ఆయన వచ్చాడు.

బరువు పదిహేను రోజులకు ఒకసారి చూసుకుంటే చాలు అన్నది. నా పని ఏమిటో ఆమెకు తెలియదు.

7 నవంబరు

నా భార్య భూమవ్వ మొలతాడు మళ్లీ కట్టింది. ఆపరేషన్‌కు ముందు తీసేసి, కొంగున ముడేసుకుని తెచ్చింది. పాత తాడే. కడితే జారి కింద పడింది. రెండు ముళ్లు వేసి పొట్టి చేసింది.

ఈ పుస్తకం అటక మీద పెడుతున్నాను. ఆమెకు చదువు రాదు. అయినా.

9 నవంబరు

ఇవాళ పత్తి యార్డుకు పోయాను. దడువాయికి మోత పని ఉండదు. కాంటా ముల్లు చూడటం, తూకం గట్టిగా చెప్పడం, చిట్టీ రాయడం. ముప్పై నాలుగేళ్ల నుంచి ఇదే పని. మొన్నటి దాకా సేర్లు, మణుగులు. ఇప్పుడు కిలో రాళ్లు వచ్చాయి.

ప్రతి దసరాకు కాంటాకు పూజ చేసి, మొదటి తూకంగా దడువాయే పలక మీద కూర్చోవాలి. హమాలీలు రాళ్లు పెడుతూ నవ్వుతారు. పోయిన దసరాకు యాభై ఎనిమిది ఉన్నాను. ఈ దసరాకు దవాఖానలో ఉన్నాను. నా బదులు ఎవరూ కూర్చోలేదట. హమాలీ వెంకటి చెప్పాడు. "నీ జాగ అట్లనే ఉంచినమే అన్నా, ఇప్పుడు కూసో" అన్నాడు.

కూర్చున్నాను. ఎదుటి పలక మీద వెంకటి రాళ్లు పేర్చాడు. నలభై నాలుగు. ముల్లు నిట్టనిలువుగా నిలబడింది. మనసు నిమ్మళమైంది.

10 నవంబరు

నలభై నాలుగు.

12 నవంబరు

నలభై మూడున్నర. నిన్న ఆదివారం, కాంటా లేదు. ఒక్క ఆదివారానికి అర కిలో పోయిందా?

తిండి: జావ, గుడ్డు, పాలు, అన్నం, అరటిపండు, అన్నం.

13 నవంబరు

నలభై నాలుగు మీద కొంచెం. నిన్నటిది తప్పు తూకం కావచ్చు. కాంటా గాలికి ఊగింది.

సాయంత్రం ఇంకోసారి కూర్చున్నాను. నలభై మూడు ముప్పావు.

15 నవంబరు

రాత్రంతా ఆలోచించాను. తప్పు నా దగ్గరే ఉంది. తిని కూర్చుంటున్నాను. కడుపులో ఉన్న జావ బరువు కూడా అందులో పడుతోంది. అది నాది కాదు. పత్తి గోనె బోరెలో తెస్తే బోరె కింద కిలో తరుగు తీసి రాస్తాం. తీయకుండా రాస్తే దొంగ తూకం అంటాం. అన్నం కూడా బోరె లెక్కనే. పత్తి వేరు, బోరె వేరు.

ఇవాళ ఏమీ తినకుండా పోయి కూర్చున్నాను. నలభై మూడు. ఇది అసలు తూకం.

16 నవంబరు

పోత్కపల్లి నుంచి కొండల్ అనే రైతు బండి మీద పత్తి తెచ్చాడు. బోరెలో మోచేతి దాకా చెయ్యి పెట్టాను. పైన పొడి, లోపల తడి. నీళ్లు చల్లి తెచ్చాడు. పది మందిలో అడిగాను. మంచు పడ్డదన్నాడు. మంచు బోరె నడుమ పడుతదా అన్నాను. అందరూ నవ్వారు. నేను ఎక్కువ మాట్లాడేవాణ్ణి కాదు, కానీ తడి పత్తి చూస్తే ఊరుకోలేను. బోరెకు మూడు కిలోలు తరుగు తీయించాను. అతను తల వంచుకుని పోయాడు.

నలభై మూడు.

19 నవంబరు

పొద్దున యార్డు తెరవగానే ఒకసారి, పగలు ఒకసారి, మూసేటప్పుడు ఒకసారి చూసుకుంటున్నాను. ఒక్క తూకాన్ని నమ్మేదెట్లా? పెద్ద బేరానికి మూడుసార్లు వేస్తాం.

ప్రతిసారీ ఖాళీ కడుపుతోనే. పగటి తూకానికి ముందు రెండు గంటలు ఏమీ ముట్టను.

పత్తి కొనే అడ్తి సేటు చూశాడు. "దడువాయి తనను తనే అమ్మకానికి పెట్టిండు. ఏం ధర పలికిందే?" అన్నాడు. హమాలీలు నవ్వారు. నేనూ నవ్వాను. వెంకటి నవ్వలేదు.

22 నవంబరు

నలభై రెండు ముప్పావు. నలభై రెండు ముప్పావు. నలభై రెండున్నర.

తిండి: పాలు, అన్నం, అన్నం.

24 నవంబరు

భూమవ్వ మొలతాడుకు ఇంకో ముడి వేసింది. తాడు సాగిందన్నాను. "నూలుతాడు గింత సాగుతదా?" అన్నది. నానితే సాగుతుందన్నాను. ఆమె నా ముఖం వంక చూసి లోపలికి పోయింది.

నలభై రెండుంపావు.

ఇంకో పావు కిలో. పక్క మంచం ఆయన పేరు నాకు తెలియదు. మంచం మీద కూర్చుని రేగుపండ్లు తినాలని ఉందని ఒకసారి అన్నాడు.

26 నవంబరు

పొద్దున కాంటా దగ్గరికి పోతుంటే కాళ్లు వణికాయి. చలి అనుకున్నాను. వెంకటిని రాళ్లు పెట్టమన్నాను. నా ముఖం వంక చూశాడు. ఇయ్యాల వద్దులే అన్నా అన్నాడు. పెట్టమన్నాను.

నలభై మూడు.

నలభై మూడు. మళ్లీ పెట్టమన్నాను. నలభై మూడే. ఇంటికి వచ్చి భూమవ్వకు చెప్పాను. మంచిదే అన్నది.

28 నవంబరు

నలభై మూడున్నర. దిగడం ఆగింది. నా పద్ధతి మంచిదే. ఖాళీ కడుపుకు కూడా ఇంత తూగుతున్నానంటే ఒంట్లో పట్టినట్టే.

పలక మీద కూర్చుని ఉంటే వెనక ఏదో వీపుకు తగిలింది. పలక అంచు కావచ్చు. జరిగి సరిగ్గా కూర్చున్నాను.

1 డిసెంబరు

నలభై నాలుగు.

5 డిసెంబరు

ఇవాళ దవాఖానకు పోవలసిన రోజు. పోలేదు. నలభై నాలుగున్నర ఉన్నప్పుడు పోయి ఏం చెప్పాలి? ఛార్జీలు దండగ, రోజు దండగ. భూమవ్వ పొద్దున్నే కొత్త చీర కట్టుకుని అరుగు మీద కూర్చుంది. బస్సు పోయేదాకా కూర్చుంది. తర్వాత చీర మార్చుకుంది.

9 డిసెంబరు

ఆదివారం. నిలబడితే కళ్లు తిరిగాయి. ఎండ.

12 డిసెంబరు

నలభై అయిదు. దడువాయి కోలుకున్నడని సేటు అందరికీ చెప్పాడు. బెల్లం తెప్పించి పంచాడు. నా వంతు వెంకటికిచ్చాను. వాడు తినలేదు, తలపాగా కొసకు ముడేసుకున్నాడు.

తిండి: అన్నం, అన్నం.

15 డిసెంబరు

మొలతాడుకు అయిదో ముడి. నేను కాంటా మాట చెప్పాను. ముల్లు అబద్ధం చెప్పదన్నాను. "ముల్లుకు ఏం ఎరుక? నీకు రోజూ నేను తానం పోస్తున్న" అన్నది.

రాత్రంతా అటు తిరిగే పడుకుంది.

20 డిసెంబరు

నలభై అయిదుంపావు. వెంకటి రేపు బోథ్‌కు పోతాడట. అక్కడ ఇచ్చిన బిడ్డకు కాన్పు అయింది. వారం దాకా రాడు. పోయే ముందు నా దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. పైసలు కావాలా అన్నాను. వద్దన్నాడు. నేను వచ్చేదాకా కూసోకు అన్నా, ఊకె కూసుంటే కాంటా పాడైతది అన్నాడు. ముప్పై నాలుగేళ్ల దడువాయికి కాంటా సంగతి చెప్పాడు.

21 డిసెంబరు

కూర్చోలేదు.

22 డిసెంబరు

కూర్చున్నాను. రాళ్లు భూమన్న పెట్టాడు. కొత్త హమాలీ, మందమర్రి వైపు వాడు. నలభై నాలుగు దగ్గర మొదలుపెట్టమన్నాను. నా పలక గాలిలోకి లేచింది. తీస్తూ పోయాడు. నలభై మూడు. నలభై రెండు. నలభై ఒకటి. అక్కడ ముల్లు నిలబడింది.

రాళ్లు సరిగ్గా చూడమన్నాను. చూశాడు. నీకు కొత్త రాళ్ల సంగతి తెలియదని కోప్పడ్డాను. నేను ఇంతవరకు ఎవరినీ కోప్పడలేదు. వాడు పక్కకు పోయి నిలబడ్డాడు.

24 డిసెంబరు

యార్డు ఆఫీసు నుంచి ముద్ర ఉన్న ఇరవై కిలోల రాళ్లు తెచ్చి రెండు పలకల మీద పెట్టాను. సమానం. మార్చి పెట్టాను. సమానం. గొలుసులు చూశాను, కొక్కెం చూశాను. కాంటాకు ఏ తప్పూ లేదు.

నలభై ఒకటి కంటే కొంచెం తక్కువ.

25 డిసెంబరు

భూమవ్వకు చెప్పలేదు.

26 డిసెంబరు

చెప్పలేదు.

28 డిసెంబరు

వెంకటి వచ్చాడు. మనుమడు పుట్టాడట. నేను కాంటా కింద కూర్చుని ఉన్నాను. వాడు నన్ను చూసి సంచి అక్కడే దించాడు. అడగకముందే చెప్పాడు.

"నేనే అన్నా. రాళ్లు పేర్చి, నీ ఎనకకు వచ్చి పలకకు మోకాలు పెట్టిన. ముందుగాల ఒక్క కిలో మందమే పెట్టిన. ఆనాడు నీ మొఖం చూడలేకపోయిన. నలపై మూడు అనంగనే జర తెల్లవడ్డది. ఇగ తీయబుద్ధి గాలే."

రైతు నోరు కొట్టడానికి సేటు మనుషులు పెట్టే మోకాళ్లు ఎన్ని పట్టుకున్నానో లెక్క లేదు. నా వీపు వెనక పెట్టింది పట్టుకోలేకపోయిన గదరా అన్నాను.

"పట్టినవ్" అన్నాడు. "ఒకసారి నా మోకాలు నీ ఈపుకు తాకింది. నువ్వు జరిగి మంచిగ కూసున్నవ్. ఇటు తిరగలే."

వాడు బోరెలు మోయడానికి పోయాడు.

ఈ పుస్తకంలో ఆ రోజు ఏం రాశానో తీసి చూశాను. పలక అంచు అని రాశాను.

29 డిసెంబరు

భూమవ్వకు చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. కొత్త చీర తీసింది. సోమవారం మొదటి బస్సు అన్నది.

1 జనవరి 1963, దవాఖాన

నిన్న జరిగింది రాస్తున్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది.

దవాఖానలో భూమవ్వ చిట్టీ రాయించడానికి వరసలో నిలబడింది. బరువు చూసే గది తలుపు తెరిచి ఉంది. లోపల నిలువు కాంటా కనబడుతోంది. నలభై రెండుకు తక్కువ వస్తే బల్ల మీద పడుకోబెడతారు. నాకు అంతే కనబడింది. బల్ల, దీపం, ఖాళీ మంచం. నల్లా దగ్గరికి పోయి చెంబు నిండా నీళ్లు తాగాను. ఇంకో చెంబు తాగాను. రెండు చెంబులంటే కిలోన్నర పైనే. మూడో చెంబు పట్టుకుని నిలబడ్డాను.

కొండల్ ముఖం గుర్తుకొచ్చింది. తాగడం ఆపలేదు.

గది గడప దగ్గర చెమటలు పోశాయి. గుండె దడదడ కొట్టుకుంది. గోడ పట్టుకున్నాను, దొరకలేదు. కాంటా మీదికి ఎక్కకముందే అంతా కక్కేశాను. కళ్లు తెరిచేసరికి నర్సు మగ్దలేనమ్మ నా తల పట్టుకుని ఉంది. ఆపరేషన్ అయినప్పుడు కూడా ఆమే చూసుకుంది.

"ఏం తాగినవ్ పెద్దయ్యా?"

నీళ్లు అన్నాను. ఎన్ని అన్నది. రెండు చెంబులు అన్నాను. మూడోది చెప్పలేదు.

"పిడికెడు కడుపుల రెండు చెంబులు పోస్తవా? ఎందుకు?"

తూకం కోసం అన్నాను. ఆమె నవ్వలేదు. తడిసిన అంగీ విప్పి, తుడిచి పడుకోబెట్టింది. సాయంత్రం తూచింది. నలభైన్నర.

డాక్టరమ్మ వచ్చింది. కడుపు అంతటా ఒత్తి చూసింది. ఏం తింటున్నావని అడిగింది. ఆరుసార్లు అన్నాను. రాసిన పుస్తకం అడిగింది. ఇంట్లోనే ఉండిపోయిందని చెప్పబోయాను. భూమవ్వ సంచిలోంచి తీసి ఇచ్చింది. అటక మీద ఉంటుందని ఆమెకు మొదటి నుంచీ తెలుసు.

డాక్టరమ్మకు తెలుగు చదవడం సరిగ్గా రాదు. మగ్దలేనమ్మను చదవమన్నది. నేను గోడ వైపు తిరిగాను. ఆమె తిండి రాసిన వరసలు మాత్రమే పైకి చదివింది. ఆరు. ఆరు. మూడు. రెండు. నడుమ నడుమ ఆగింది. ఆగినప్పుడల్లా మిగతాది లోపల చదువుతోందని తెలిసింది. నా చెవులు కాలిపోయాయి. పక్క మంచం ఆయన సంగతి దగ్గర చాలాసేపు ఆగింది.

తర్వాత డాక్టరమ్మతో చెప్పింది. "ఈయన తూకం చూసుకునే ముందు తింటలేడమ్మా. దినాం మూడు పారీలు తూకం. అన్నం బోరె లెక్కనట. బోరె తీసేసి తూగుతుండు."

డాక్టరమ్మ మంచం అంచున కూర్చుంది. చాలాసేపు మాట్లాడింది. పక్క మంచం ఆయనకున్న రోగం నాకు లేదట. ఆయనది వేరు, నాది మానిన పుండట. లోపల అంతా బాగానే ఉంది, తిండే పోవడం లేదన్నది. కాంటా నిన్ను తూచడం లేదు, తింటోంది అన్నది. ఆమెకు తెలుగు మాటలు అన్నీ తెలియవు కదా, అట్లా వచ్చింది కావచ్చు.

ఇక యార్డు కాంటా మీద కూర్చోవద్దు. పదిహేను రోజులకు కూడా వద్దు. నెలకొకసారి ఇక్కడే, ఈ కాంటా మీదనే, తిని వచ్చి. నెలకు కూడా నలభై రెండు దాటకపోతే అప్పుడు లోపల మళ్లీ చూడవలసి వస్తుంది. చూడవలసి అన్నది. కోయాలి అనలేదు. రెండూ ఒకటేనా అని అడగలేదు.

5 జనవరి, జమ్మికుంట

కూర్చోలేదు. తిండి ఆరు.

7 జనవరి

కూర్చోలేదు. ఆరు.

8 జనవరి

భూమవ్వ గిన్నెలు పట్టుకుని యార్డుకు వచ్చింది. పత్తి కుప్ప పక్కన కూర్చుని, నేను తినేదాకా కదలలేదు. సేటు వచ్చి, ఏం భూమవ్వా, దడువాయికి దడువాయివి అయినవా అన్నాడు. ఈమె తల ఎత్తకుండా, అవు సేటూ, నీ మోకాలు జర దూరం వెట్టు అన్నది. హమాలీలు పడీ పడీ నవ్వారు. సేటు పోయాడు.

11 జనవరి

అందరూ పోయినాక కాంటా గొలుసు పట్టుకున్నాను. చల్లగా ఉంది. ఒక్కసారి చూసుకుంటే ఏమవుతుంది? ఎవరికి తెలుస్తుంది? వెంకటి దూరంగా చీపురు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఊడ్వడం లేదు. గొలుసు వదిలేశాను. వాడు ఊడ్వసాగాడు.

ఎంత ఉన్నానో తెలియకుండా ఉండటం చీకట్లో నడిచినట్టుంది.

13 జనవరి

అయిదు. ఒకటి కక్కేశాను. ఎన్ని తులాలు పోయాయో.

18 జనవరి

కొండల్ మళ్లీ పత్తి తెచ్చాడు. బోరెలో చెయ్యి పెట్టాను. అడుగు దాకా పొడిగా ఉంది. ఆ రోజు అడగని మాట ఇవాళ పక్కకు తీసుకుపోయి అడిగాను. ఎందుకు తడిపినవ్ అన్నాను.

"భయమైంది" అన్నాడు. "ఇంటికాడ తూచుకుంటే తక్కువ అచ్చింది. ఇంకో దినం ఇంకింత తక్కువ అచ్చింది. ఇగ నీళ్లు సల్లిన."

పత్తి ఆరుతుంటే తగ్గుతది కొడుకా, ఊకె తూచొద్దు అన్నాను. ఆ మాట నా నోటి నుంచే వచ్చింది. నా గిన్నెలో అరటిపండు ఉంటే సగం ఇచ్చాను. తిన్నాడు.

24 జనవరి

ఆరు. ఇంకా వారం. నిద్ర పట్టడం లేదు.

28 జనవరి

తానం పోస్తూ భూమవ్వ మొలతాడు కింద వేలు పెట్టింది. ముందు రెండు వేళ్లు పోయేవి, ఇప్పుడు ఒకటే. ఒక ముడి విప్పింది. బిగిసిందా అని అడిగాను. "దురద పెడుతుందంటివి గదా" అన్నది. నేను అనలేదు.

31 జనవరి

దవాఖాన నుంచి ఇప్పుడే వచ్చాము. మరిచిపోకముందే రాస్తున్నాను.

ఇంట్లో జావ తాగించింది. బస్సులో గుడ్డు ఒలిచి ఇచ్చింది. దిగినాక అరటిపండు. తూకం గది దగ్గర కూడా చిన్న గిన్నెలో పాలు పోసి ఇచ్చింది. నేను నల్లా వైపు చూడలేదు. ఆమె నల్లాకు అడ్డంగా నిలబడి ఉంది.

తిని వచ్చినవా పెద్దయ్యా అని మగ్దలేనమ్మ అడిగింది. తిన్న అన్నాను. కాంటా మీదికి ఎక్కాను. వెనక గోడ తప్ప ఏమీ లేదు. అయినా ఒకసారి తిరిగి చూశాను. ఆమె గుండు జరుపుతూ పోయింది. నలభై దాటింది. నలభై ఒకటి దాటింది. నలభై రెండు దగ్గర కొంచెం ఆగింది. ఇంకా జరిపింది. నలభై రెండు ముప్పావు.

మనసు తన పని తాను చేసింది. గుడ్డు, పండు, జావ, పాలు, అన్నీ కలిపితే ముప్పావు కిలో. తీసేస్తే నలభై రెండు. సరిగ్గా గీత మీద. ముప్పై నాలుగేళ్లలో తరుగు తీయకుండా ఒక్క తూకం కూడా రాయనియ్యలేదు నేను. చెప్పడానికి నోరు తెరిచాను.

మగ్దలేనమ్మ కలం పట్టుకుని ఆగింది. ఆమె పుస్తకం చదివింది కదా, నేనేం చెప్పబోతున్నానో తెలుసు. భూమవ్వ ఖాళీ పాలగిన్నె పట్టుకుని నా వంక చూస్తోంది.

"రాయమ్మా" అన్నాను.

నలభై రెండు ముప్పావు అని రాసింది.